మా ఆఫీసు స్థితప్రజ్ఞుడు

మా సీనియర్ ప్రోగ్రామర్‌గారికి "దాదాపు" అన్న మాట చెవిన పడితే ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. లోకంలో ఏ పనైనా ఒక సమయంలో ఒకే ఒక్క స్థితిలో ఉండాలి, ఆ స్థితికి ఒక పేరుండాలి, అక్కణ్ణుంచి ఎటు పోవచ్చో ముందే తెలిసుండాలి. అదీ ఆయన పట్టు. దేనికీ చలించనివాణ్ణి స్థితప్రజ్ఞుడంటారు పెద్దలు. ఈయన ప్రతి చిన్నదానికీ చలించేవారు. అయినా మేము ఆ పేరే పెట్టుకున్నాం.

"రిపోర్టు అయిందా అమ్మాయ్?"

"దాదాపు అయిపోయింది సార్."

"రాస్తున్నావా, రాసేశావా?"

"రాస్తున్నాను."

"హమ్మయ్య. అలా చెప్పు, ప్రాణం కుదుటపడుతుంది."

ఒకరోజు వాళ్లింటికి టీకి వెళ్లాం. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "పాలు కాగాయా?" అని అడిగారు.

"కాగవచ్చాయి," అన్నారు వాళ్లావిడ.

"కాగుతున్నాయా, కాగాయా?"

"మీకు జవాబు చెప్పేలోపు పొంగిపోయాయి. ఇదిగో, కొత్త స్థితి. పేరు పెట్టుకోండి!"

ఆయన నిజంగానే జేబులోంచి కాగితం తీసి "పొంగినవి" అని రాసుకున్నారు. దాని కింద "వెనక్కి దారి లేదు" అని రాసి గీత కూడా గీశారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ స్థితుల గోల మన ప్రోగ్రాములకు ఎందుకని అడిగాను. ఆయన మా గది తలుపు చూపించారు.

"తాళం వేసిన తలుపు ఒక్క తోపుతో తెరుచుకుంటుందా?"

"తెరుచుకోదు సార్. ముందు తాళం తియ్యాలి."

"అంతే. తాళం వేసింది, మూసింది, తెరిచింది. మూడు స్థితులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే మధ్యలో ఒక పని జరగాలి. జరిగితేనే యంత్రం కదలాలి. జరిగిందనుకుని కదిలిందో, కొంప మునిగినట్టే."

అలాంటి మనిషి చేతికి ఒక ఆస్పత్రి పని వచ్చింది. ఆపరేషన్ కోసం చేరిన ప్రతి మనిషి ఫైలూ ఒక గదినుంచి ఇంకో గదికి కంప్యూటర్లో తనంతట తానే నడవాలి. ఆయన గోడమీద గుండ్రాలు గీసి బాణాలతో కలిపారు. చేరారు, సిద్ధంగా ఉన్నారు, ఆపరేషన్ జరుగుతోంది, ఆపరేషన్ అయింది, ముగిసింది. చివరి రెండిటి మధ్యా ఇంకో గుండ్రం ఉంది. అందులో "బయటివాళ్లకు చెప్పడమైంది" అని రాసి ఉంది.

మా మేనేజర్ దానిమీద వేలు పెట్టారు. "ఇదెందుకండీ? ఆపరేషన్ అయ్యాక ఎలాగూ చెప్తారుగా?"

"ఎవరు చెప్తారు?"

"ఎవరో ఒకరు."

"'ఎవరో ఒకరు' అనే ఉద్యోగి ఆ ఆస్పత్రిలో లేడండీ. జాబితా అంతా చూశాను."

మూడు మీటింగులు జరిగాయి. ఈయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి మేనేజర్ చేతులు జోడించి, "ఉంచుకోండి బాబూ! ప్రస్తుతం నా స్థితి, విసిగిపోయాను," అన్నారు.

"అక్కణ్ణుంచి ఎటు పోతారు?"

"ఇంటికి!"

నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు మండింది. ఆ ఒక్క గుండ్రం నాకు మూడు వారాల పని పెట్టింది. చెప్పాల్సిన నర్సు ఎవరో పేరుతో సహా ఉండాలి. చెప్పేదాకా ఆమె చేతిలోని పరికరం గంట కొడుతూనే ఉండాలి. అప్పటిదాకా ఫైలు ముగియకూడదు.

మరుసటి ఏడాది మా అక్కకి కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ ఆ ఆస్పత్రిలోనే. రెండు గంటలు పడుతుందన్నారు. మూడో గంట కూడా గడుస్తోంది. బయట బల్లమీద నేనూ బావా. ఎదురుగా "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు. బావ దాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

"ఇంతసేపు ఏమీ చెప్పట్లేదంటే..." అని మొదలుపెట్టాడు.

"ఊరుకో బావా," అన్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఒక నర్సు దాదాపు పరుగులాంటి నడకతో వచ్చి అక్క పేరు పిలిచింది.

"మీ తాలూకేనా? బాగా జరిగిందండీ. గడ్డ మొత్తం తీసేశారు. ఆవిడకి మెలకువొస్తోంది."

బావ బల్లమీద కూర్చోబోయి నేలమీద కూర్చున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తనకే తెలియదు. నాకు ఊపిరి పీల్చుకోవడం అనే పని ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది.

నర్సు చేతిలో పరికరం ఇంకా గంట కొడుతూనే ఉంది. ఆమె దాన్ని నొక్కి, "చెప్పేదాకా ఇది నన్ను వదలదండీ," అంది. "ఎవరు తయారుచేశారో గానీ మహా మొండిఘటం."

"నాకు తెలుసండీ," అన్నాను. "నా పక్క సీటే."

సోమవారం ఆఫీసులో ఈ సంగతి చెప్తే, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఆపరేషన్ అయిన ఎంతసేపటికి వచ్చింది నర్సు?"

"అయిదు నిమిషాలకట సార్."

"మాకు అయిదు గంటలు పట్టింది," అన్నారు. "మా నాన్న ఆపరేషన్ మధ్యాహ్నానికే అయిపోయింది. బయట అమ్మా నేనూ ఏడుస్తూ కూర్చున్నాం. లోపల ఆయన లేచి, కాఫీ ఏదని అందరిమీదా అరుస్తున్నాడు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు అమ్మాయ్. ప్రతివాళ్లూ ఇంకొకరు చెప్పే ఉంటారనుకున్నారు."

"ఈ మాట ముందే చెబితే మేనేజర్‌గారు మొదటి మీటింగులోనే ఒప్పుకునేవారుగా సార్?"

"ఒప్పుకునేవాడు, జాలిపడి. జాలితో ఉంచినదాన్ని మర్నాడు అవసరం లేదని తీసేస్తారు. నా నోటికి భయపడి ఉంచినదాని జోలికి ఎవడూ రాడు."

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం గంభీరంగా ఫోన్ తీసి, పళ్లు పంపాలి, మీ అక్క ఏ అంతస్తులో ఉందని అడిగారు.