లూపులైన్లో ఏడు గూడ్సు బండ్లు

ఆ రోజుల్లో నాకు పాఠాల కంటే, మనుషులు పరీక్ష ఎలా రాస్తారన్నదే పెద్ద వింత. ఒకమ్మాయి ప్రశ్నపత్రం చివరి నుంచి మొదలుపెట్టేది, ఎందుకో? ఒకడు పేజీకో పెన్ను మార్చేవాడు, మార్కులు పెరిగేవా? ఇన్ని పరిశోధనలు చేసి, సొంతంగా ఒక్క పద్ధతీ లేకుండా పదో తరగతి గట్టెక్కాను. ఆ వేసవిలోనే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. మంచి ర్యాంకు వస్తే నెల్లూరులో సీటు. అసలు రాకపోతే బిట్రగుంట బజారులో మా నాన్న టైలరింగ్ షాపులో చొక్కాలకు కాజాలు కుట్టడం. (కాజాలంటే చిన్నచూపు లేదు. నేను కుట్టిన కాజాలో బొత్తాం దూరేది కాదు, అంతే.)

మా పక్కింట్లో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరైన తాత ఉండేవాడు. నా దిగులు చూసి ఆయనే ఉపాయం చెప్పాడు. "పాపా, కష్టమైన లెక్క గూడ్సు బండి లాంటిది. అది అడ్డంగా నిలబడితే ఎనకొచ్చే ఎక్స్‌ప్రెస్సులన్నీ ఆగిపోతాయి. దాన్ని లూపులైన్లో, అదే, పక్క పట్టాల మీద పెట్టెయ్. తేలికయ్యన్నీ ముందు పోనీ."

పరీక్షలో పద్ధతి అద్భుతంగా పనిచేసింది. ముప్పై ఒకటో ప్రశ్న పొడుగ్గా కనబడగానే పక్కన పెట్టాను. ఆ తర్వాత మరో ఆరు. మధ్యలో తీరిక దొరికి, ముందు బెంచీ పిల్ల కళ్లు మూసుకుని పెన్సిల్ ఎక్కడ వాలితే ఆ గడి నింపడం కూడా గమనించాను. అరగంట మిగిలుండగా నూట ఇరవయ్యో జవాబు నింపి చూస్తే, నా పెన్సిల్ నూట పదమూడో వరసలో ఉంది. ప్రశ్నను వదిలానే గాని, జవాబు పత్రంలో దాని గడిని వదల్లేదు. చివరి నుంచి ఒక్కో జవాబూ చెరిపి, కిందికి జరుపుతూ వచ్చాను. ముప్పై రెండోది సరైన చోట పడేసరికి గంట కొట్టారు. ఏడు గూడ్సులూ అలాగే నిలబడిపోయాయి.

సీటొచ్చింది, రెండు జిల్లాల అవతల. నెల్లూరు కొద్దిలో తప్పిపోయింది. తాత మాత్రం "పద్ధతి నాదే" అని కాలనీలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. వినలేక, సిగ్గు విడిచి జరిగిందంతా చెప్పేశాను.

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "నేను ఆఖరి పెట్టెలో కూర్చున్నోణ్ణి పాపా. మా బండిని లూపులైన్లో పెట్టినోళ్లు వేరే. మళ్లా ఎట్టా బయటికి తీస్తారో నేనెప్పుడు చూసినాను?" అని, "ఆ కాయితం ఉందా? తీసుకురాపో" అన్నాడు.

ప్రశ్నపత్రం తెచ్చాను. ఆయనింటి గడప మీద కూర్చుని ఆ ఏడూ చేశాను. తాతకు ఒక్కటీ అర్థం కాలేదు, అయినా నేను ముగించినప్పుడల్లా "ఇదీ అయిపోయినాదా?" అని అడుగుతూనే ఉన్నాడు. పావుగంట పట్టలేదు. అన్నీ వచ్చేశాయి. చూడగానే పొడుగ్గా ఉన్నాయి తప్ప, వాటిలో కష్టం ఏమీ లేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇప్పటికీ పొడుగాటి ఉత్తరమో, ఫారమో కనబడితే చదవకుండానే పక్కన పెట్టేస్తాను. తర్వాత తీసి చూస్తే మూడు ముక్కల పని. ఇన్నేళ్లొచ్చినా నాలోని ఆ పిల్ల మారలేదని నవ్వుకుంటాను, కాస్త జాలిగానే.