నాలుకల తిరుపతమ్మ

తిరుపతమ్మకు మనిషి కనబడితే చాలు, నాలుక చూడాలి. తిన్నవా లేదు, బాగున్నవా లేదు. "ఏదీ, నాలుక జాపు!" అంటే జాపాల్సిందే. ఎర్రబోరు ఊళ్ళో ఇంటింటికీ తిరిగి మందులిచ్చే మితానిన్ ఆమె. బిళ్ళలు అందరు మితానిన్లూ ఇస్తారు. ఈ పిచ్చి మాత్రం ఈమెకే, అదీ కరోనా రెండో విడత తగ్గినప్పటి నుంచే!

కోంటా బస్సు కండక్టరు టికెట్ అడిగితే "ముందు నాలుక!" అంది. ముసలి రామనర్సయ్యనూ వదల్లేదు.

"డెబ్బై ఏళ్ళోణ్ణి, నా నాలుకెందుకు బిడ్డా?"

"డెబ్బై ఏళ్ళు వాగినవ్ గద తాతా, అరిగిందేమో చూద్దామని!"

రేణుకకు మాత్రం ఒళ్ళు మండేది. నాట్లకు పోతుంటే దారికడ్డమొచ్చి మరీ ఆమె కూతురు మీనా నాలుక చూసేది. ఈమెకింకేం పని లేదా అని తిట్టుకునేది రేణుక.

ఇంతలో మీనాకు జ్వరమొచ్చింది. మూడోనాటికి ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు ఎర్రబారాయి. అమ్మవారు పోసిందనుకుంది రేణుక. అమ్మవారున్న ఇంట్లో మందు కూడదు, సూది అసలే కూడదు. గుమ్మానికి వేపాకు కట్టి తలుపు మూసేసింది.

తిరుపతమ్మ ఆగుతుందా! వేపాకు తప్పించి లోపలికొచ్చింది.

"ఏదీ బిడ్డా, నాలుక!"

పండుమిరపకాయలా ఉంది. తిరుపతమ్మ మొహంలో నవ్వు ఎగిరిపోయింది.

"లే రేణుకా! బండి పిలువు!"

"సూది పొడిస్తే తల్లికి కోపమొస్తదక్కా!"

"వస్తే నా మీదికి రమ్మను. నా ఇల్లు చూపియ్!"

పెద్దాసుపత్రి డాక్టరు మీనాను చూసి వెంటనే చేర్చుకున్నాడు. కరోనా పోయిన నెలకు ఎవరో కొందరు పిల్లలకిలా నాలుక ఎర్రబడి జ్వరమొస్తుందట. ఇంకాస్త ఆలస్యమైతే గుండెకే ముప్పట. రేణుకకు అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట మీనాకు రెండ్రోజుల దగ్గు. పరీక్ష చేసి, కరోనా అని చెవిలో చెప్పింది తిరుపతమ్మే. ఆ మాట గడప దాటలేదు.

ఆసుపత్రిలో మూడోనాడు జ్వరం దిగి, మీనా అన్నమడిగింది. అప్పుడు పక్కనే ఉన్న తిరుపతమ్మను అడిగింది రేణుక.

"మా పిల్లది సరే, ఊరందరి నాలుకలెందుకక్కా?"

"కరోనా వచ్చినోళ్ళు ఆరుగురు పిల్లలు. ఆరిళ్ళకే పోతే ఊరికి తెల్వదా, వాళ్ళను బోరింగ్ కాడికి రానిస్తరా? అందుకే అందరివీ చూసిన. ఎన్ని నోళ్ళ కంపు భరించిన్నో తెల్సా!"

రేణుకకు సిగ్గేసింది. ఆమెను గట్టిగా వాటేసుకోవాలనీ అనిపించింది.

ఊరికి తిరిగొచ్చాక బోరింగ్ దగ్గర బిందె దించి, "మా మీనాకు కరోనా వచ్చిపోయింది. పిల్లలకు దద్దుర్లు లేస్తే అమ్మవారని తలుపులేసుకోకుండ్రి!" అని గట్టిగా చెప్పింది. బోరింగ్ కొడుతున్న మాసే అనే ఆమె చెయ్యి ఆపింది.

"మావాడికీ వచ్చిందే."

"మా ఇంట్ల గూడ," అంది వరసలో ఉన్న సుమిత్ర.

అటుగా వచ్చిన తిరుపతమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏందే మీరు! నేను నోరు కుట్టుకొని దాస్తే, మీరు చాటింపేస్తరా?"

"మిగిలిన ముగ్గురెవరో నాకు చెప్పకక్కా," అంటూ రేణుక కొంగు బిగించింది. "ఆ వరస ఇళ్ళల్ల నాలుకలు నువ్వు చూడు, ఈ వరస నేను చూస్త."