మూడోసారి అడిగేవరకు

లిమరిక్ నుంచి డబ్లిన్ వెళ్ళే రైల్లో నా ఎదుట ఒక అమెరికన్, అతని పక్కన ఐరిష్ ముసలావిడ కూర్చున్నారు. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు. అతను శాండ్‌విచ్‌ల డబ్బా తెరిచి, "తింటారా?" అని ఇద్దరినీ అడిగాడు.

"అబ్బే, ఐ యామ్ గ్రాండ్, ఆకలి లేదు," అందావిడ. నేనూ వద్దన్నాను. అంతే, చివరి ముక్క వరకు తానే తిన్నాడు. అంత పెద్ద దేశంలో రెండోసారి అడగాలని ఎవరూ నేర్పలేదు కాబోలు! మా తాతల నాటి జమీందారీ దివాణం ఏనాడో చేజారింది. అయినా మొదటి మాటకే చెయ్యి చాపినవాడు మా ఇంట్లో ఇప్పటికీ లేడు.

కాసేపటికి ఆవిడ సంచిలోంచి కేకు తీసింది.

"ఆకలి లేదన్నారుగా! ఈ యూరప్ వాళ్ళు మనసులో మాట చెప్పరు," అని నవ్వాడతను.

"నువ్వడిగింది ఒక్కసారేగా, నాయనా," అని ఆవిడ నా వైపు తిరిగింది. "కొంచెం తీసుకోండి."

"వద్దండీ."

"చిన్న ముక్కేనండీ."

"పరవాలేదండీ."

"అబ్బ, నా కోసమైనా తీసుకోండి."

తీసుకున్నాను. అంత రుచైన కేకు మళ్ళీ తినలేదు.

అమెరికన్‌ని ఆవిడ ఒక్కసారే అడిగింది. ఆ మాట పూర్తయ్యేలోపే అతను రెండు ముక్కలు అందుకున్నాడు.