డెల్మార్ స్టూపాక్ కొట్టనన్న నంబరు

రోమన్ చక్రవర్తులు కొందరు పాత విగ్రహాల తలలు తీయించి, ఆ మొండేల మీద తమ తలలు పెట్టించుకునేవారని చదివాను. వాళ్లు నయం. తల మారిన సంగతి ఊరందరికీ తెలిసేది. నాలుగు రేవులు, రెండు ఎడారులు తిరిగి వచ్చి అమెరికాలోని ఈ టొలీడోలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. పాత వస్తువులంటే ప్రాణమని చెప్పుకునేవాళ్లంత రోత మనుషుల్ని మరెక్కడా చూడలేదు.

డెల్మార్‌ది మామీ నది వంతెన పక్కన చిన్న లేత్ షాపు. నలభై ఏళ్లుగా అతను చేసే పని ఒక్కటే. అరవైల చివరా డెబ్భైల మొదటా తయారైన పెద్ద ఇంజన్ కార్లు, ఇక్కడివాళ్లు మజిల్ కార్లు అనేవి, వాటి ఇంజన్లు విప్పి, బోరు చేసి, బిగించి, ట్యూనింగ్ చేసి పంపడం. పని అయ్యాక సైలెన్సర్ గొట్టం దగ్గర ఒక డాలరు నోటు పట్టుకుంటాడు. నోటు బయటికే రెపరెపలాడితే సరే. ఒక్కసారి లోపలికి లాగినా ఎక్కడో వాల్వు కాలినట్టే, మళ్లీ విప్పుతాడు. ఆ నోటు నల్లబడి ఏ కొట్టులోనూ చెల్లకుండా పోయింది. నేను అక్కడికి మాడిన కాఫీ కోసం వెళ్తాను. అంత చెడ్డ కాఫీ ఇంకెక్కడా దొరకదు.

ఒక వసంతంలో వెర్నా కెస్లర్ చనిపోయిన తన భర్త ఆరిన్ వదిలివెళ్లిన 1970 షెవెల్ కారు అమ్మాలనుకుంది. క్లచ్ తొక్కడానికి ఆమె మోకాళ్లు సహకరించడం లేదు. కొనడానికి క్రెయిగ్ లాంగ్లీ అనే దళారి వచ్చాడు. అతనికన్నా ముందు అతని సెంటు వాసన షాపులోకి వచ్చింది. బానెట్ ఎత్తి, ఇంజన్ కుడి పక్క ముందు మూలన టార్చి వేశాడు. ఫ్యాక్టరీ నంబరు అక్కడే ఉంటుంది, రెండు బొటనవేళ్లంత చోటులో. బండితో పుట్టిన ఇంజనే అనడానికి అదే రుజువు, పాత బండి ధరంతా దాని మీదే. హెడ్ కూర్చునే తలమే ముందుకు కాస్త పొడుచుకొచ్చి ఉంటుంది. తలాన్ని నునుపు చేస్తే నంబరూ పోతుంది.

"పెద్దాయనా, నంబరేదీ?"

"గీకేశాను, ఎనభై ఎనిమిదిలో" అన్నాడు డెల్మార్. "ఆరిన్ పందేలాడి బండిని ఉడకబెట్టాడు. బ్లాకు వంగింది. ఫేసింగ్ కొట్టి తలం చదును చేయకపోతే నీళ్లు చేరి ఆయిలు చాక్లెట్ పాలలా మారేది."

"అయ్యో! నంబరు పోతే బండికి పుట్టుకే లేనట్టు కదండీ. మీ దగ్గర నంబర్లు కొట్టే పంచులున్నాయిగా, మళ్లీ కొట్టేయండి. అదే ఇంజన్, అదే నంబరు. ఇందులో అబద్ధమేముంది?"

స్టూలు మీద కూర్చున్న వెర్నా తలెత్తింది. "డెల్, అది ఆరిన్ ఇంజనేనా?"

"అదే. విప్పిందీ నేనే, బిగించిందీ నేనే."

"మరి నంబరు నిజమేగా?"

"నంబరు నిజమే. ఫ్యాక్టరీలో కొట్టారన్నదే అబద్ధం. నేను కొట్టను. కానీ బండి నీది వెర్నా, నీ మోకాళ్లూ చూస్తున్నా. కావాలంటే పంచులు ఇచ్చేస్తా, ఇతనితోనే కొట్టించుకో."

"వద్దులే. పెళ్లయినప్పట్నుంచీ నాకు అబద్ధాలు చెప్పింది ఆరిన్ ఒక్కడే. బాగా చెప్పేవాడు, మహానుభావుడు. ఇంకొకడి నోట వినలేను. జరిగిందేదో అదే కొట్టు."

డెల్మార్ అక్షరాల పంచులు తీసి, ఆ ఖాళీ చోట లోతుగా కొట్టాడు: ఫేసింగ్ 1988, స్టూపాక్. లాంగ్లీ నిట్టూర్చి, తల పంకించి, సగం ధరకే కొన్నాడు. నవ్వుతూ కొన్నాడు. అప్పుడే అనుమానించాల్సింది.

ఆకులు రాలే రోజుల్లో అదే కారు మళ్లీ షాపుకొచ్చింది. ఈసారి నడుపుకొచ్చింది హ్యూ పెన్‌వెల్, క్లీవ్‌లాండ్ వైపు పళ్ల డాక్టరు. లాంగ్లీ దగ్గర కొన్నాడట. ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గోళీలాడినట్టు చప్పుడు వస్తోందట, ట్యూనింగ్ చేయాలట. డెల్మార్ బానెట్ ఎత్తాడు. మూలన ఫ్యాక్టరీ నంబరు మెరుస్తోంది. అతని అక్షరాలు లేవు.

డెల్మార్ ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ ఊడదీసి, గుడ్డ మీద రెండు వరసలుగా పేర్చాడు. ఎడమ నాలుగూ లేత గోధుమరంగులో శుభ్రంగా ఉన్నాయి. కుడి నాలుగింటి నిండా వెండి రవ్వల్లాంటి చుక్కలు.

"ఇవేమిటో తెలుసా డాక్టరుగారూ? మీ పిస్టన్లు. పొడి పొడిగా."

"ఒక్క కుడి పక్కేనా?"

"ఆ మూలన నా పేరుండేది. లోతుగా కొట్టాను కదా, చెరపడానికి కుడి తలమంతా మళ్లీ గీకారు. లోపల చోటు తగ్గింది, ఒత్తిడి పెరిగింది, పెట్రోలు తనంతట తనే పేలుతోంది. తర్వాత మీరు మురిసిపోతున్న ఆ నంబరు కొట్టారు."

"అది అసలు నంబరేనని నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. రంగు ఫోటోలతో సహా!"

"అయితే పెట్రోలు బదులు అది పోసి నడుపుకోండి."

పెన్‌వెల్ మొహం ఎర్రబడింది. ఇప్పుడు లాంగ్లీని తిడతాడు, కోర్టుకెక్కుతానంటాడు అనుకున్నాను. అతను తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా? వచ్చే వేసవిలో వేలానికి పెడదామనుకుంటున్నా. హెడ్డు కింద మందమైన గాస్కెట్ వేసి ఆ చప్పుడొక్కటీ ఆపండి చాలు. నంబరు మాత్రం ముట్టుకోకండి."

నా కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. అది కాఫీ తప్పు కాదు. మోసపోయానని తెలిసిన క్షణంలోనే, తర్వాత మోసపోయేవాణ్ని లెక్కలోకి తీసుకుంటున్నాడు. రోజూ ఇతరుల నోళ్లలో పుచ్చులు వెతికే మనిషి.

"ఆపుతా" అన్నాడు డెల్మార్. "నా అక్షరాలు మళ్లీ కొట్టనిస్తే ఆపుతా."

"మీకేమైనా పిచ్చా?"

డెల్మార్ ప్లగ్గులన్నీ ఎక్కడివక్కడ బిగించాడు. "నడపకండి, లాగే బండి పిలుచుకోండి" అని ఒక్కమాట చెప్పాడు. డాక్టరు వినలేదు. కారు వంతెన ఎక్కుతుంటే ఆ గలగల నది అవతలి ఇళ్లదాకా వినిపించింది.

పావుగంటకు ఫోన్ మోగింది. వెర్నా ఇల్లు వంతెనకు అవతలే.

"డెల్, ఇందాక దగ్గుకుంటూ పోయిన బండెవరిది? గుండె ఝల్లుమంది. ఆరిన్‌ది కాదు కదా?"

డెల్మార్ ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"కాదు" అన్నాడు. ఫోన్ పెట్టేసి, శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్లీ సబ్బుతో కడుక్కున్నాడు.