మంజుల, కాటుక, కళ్ళను చూసే మిషన్

మంజులను మొండిది అంటే ఆమెకు కోపం రాదు. "మెత్తగుంటె గీ పని అయితదా?" అని ఎదురు అడుగుతుంది. బడంగ్‌పేట్‌లో బట్టల షాపులో నిలబడి పనిచేస్తూనే డిగ్రీ పూర్తిచేసిన మనిషి. ట్యాబ్ ఉన్న బ్యాగు కింద పెట్టమన్న ఏ కండక్టరూ ఆమెతో గెలవలేదు.

ఇబ్రహీంపట్నంలో మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేస్తాం. చిన్నపిల్లలకు మాటలు ఎప్పుడు, ఎలా అర్థమవుతాయో తెలుసుకునే పరిశోధన మాది. మంచాల వైపు ఊళ్ళకు వెళ్ళి, ట్యాబ్‌లో రెండేసి బొమ్మలు చూపించి "ఆవు ఏది? చెప్పు ఏది?" అని అడుగుతాం. పిల్లలు ఆవునో, కాలి చెప్పునో వేలితో ముట్టుకోవాలి. ముట్టుకోకపోతే ట్యాబ్ 'జవాబు లేదు' అని రాసుకుని ఊరుకుంటుంది.

సాయిశ్రీకి అన్నీ 'జవాబు లేదు'లే వచ్చాయి. మూడో ఏడు నడుస్తున్నా ఆ పిల్లకు ఇంకా మాట రాలేదు, వేలితో దేన్నీ చూపించదు. తల్లి భాగ్య పొద్దున్నే కంపెనీ డ్యూటీకి వెళ్తే పిల్లను నాయనమ్మ సుక్కమ్మే చూసుకుంటుంది. ఇంట్లో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు. దవాఖానలో చూపిస్తే చెవులు బాగానే ఉన్నాయన్నారు. "దానికేం సమజ్ గాదు" అని వాడకట్టువాళ్ళు పిల్ల ముందే అనేవారు. ఆ నోళ్ళు కుట్టెయ్యాలనిపించేది నాకు.

సుక్కమ్మ మంజులను పక్కకు పిలిచింది. "బిడ్డా, నేను దగ్గరున్న అని దానికి తెలుస్తదా? అవ్వ అంటె నేనే అని ఎరుకైతదా? గదొక్కటి చెప్పు నాకు."

ఆ ప్రశ్న మంజులను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అందుకే ట్యాబ్‌లకు కళ్ళను చూసే పరికరం బిగిస్తారని తెలియగానే అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమే. సన్నని నల్లపట్టీ, ట్యాబ్ కింది అంచుకు అతుక్కుంటుంది. కనుపాప కదలికను బట్టి పిల్ల ఏ బొమ్మను చూస్తోందో పట్టేస్తుంది. వేలు కదపక్కర్లేదు, చూపు చాలు. సిటీ నుంచి వచ్చిన దివాకర్ దాన్ని బిగించి, మాకు నేర్పించి, ముందు ఎవరింటికి పోదామని అడిగాడు. మంజుల ఆలోచించకుండా సాయిశ్రీ పేరు చెప్పింది.

అక్కడే దెబ్బతిన్నాం. కళ్ళను చూసే మిషన్ వస్తోందని విని సుక్కమ్మ పిల్లకు రోజూ కంటే రెండింతలు కాటుక దిద్దింది. మనుషుల దిష్టికే అంత భయపడేవాళ్ళు మిషన్ దిష్టిని ఊరికే వదిలేస్తారా? పరికరానికి ఏది కాటుకో, ఏది కనుపాపో అంతుపట్టలేదు. మంజుల ఆత్రం కొద్దీ తడి టిష్యూ తీసి, ఒక్క మాటైనా అడగకుండా పిల్ల కళ్ళు తుడిచేసింది.

సుక్కమ్మ ఇంతెత్తున లేచింది. "నా పిల్ల కండ్లు తుడిచెటందుకు నువ్వెవరే? బోసి కండ్లతోని మిషన్ ముంగట కూసోబెడ్తవా? లేవుండ్రి, పోండ్రి!"

తిరుగు బస్సులో దివాకర్, "ఆ ఇల్లు ఇడిచిపెట్టక్కా. వేరే పిల్లలు మస్తుమంది ఉన్నరు," అన్నాడు.

"ఉంటరు. వాళ్ళ అవ్వలు నన్ను ఏం అడుగలే," అంది మంజుల.

మళ్ళీ వెళ్ళింది. సుక్కమ్మ తలుపు తీయలేదు. ఇంకోసారి వెళ్ళింది. ఈసారి ట్యాబ్ తీసుకుపోలేదు. వాకిట్లో సుక్కమ్మ చింతపండు గింజలు తీస్తుంటే పిలవకుండానే పక్కన కూర్చుని తనూ తీసింది. చేతులు జిగట పట్టాక నోరు విప్పింది.

"అడుగకుంట తుడిచిన. తప్పు నాదే అవ్వా. కాటుక కంటికి గాక ఇంకేడన్న పెడ్తె దిష్టి ఆగదా?"

సుక్కమ్మ ఇంకో గింజ తీసి పక్కకు విసిరింది. "అరికాలుకు పెడ్తం, చెంపకు పెడ్తం," అంది. "గని నేనే పెట్టాలె. నువ్వు ముట్టొద్దు."

"ముట్ట. నువ్వే పెట్టు."

మర్నాడు మంజుల వెంట దివాకర్, నేనూ వెళ్ళాం. సాయిశ్రీ అరికాళ్ళు రెండూ నల్లగా ఉన్నాయి, చెంప మీద పెద్ద చుక్క ఉంది. కళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఎండ పడకుండా తలుపు దగ్గరకు వేసి, ట్యాబ్‌ను స్టూలు మీద నిలబెట్టాం. పిల్ల సుక్కమ్మ ఒడిలో కూర్చుంది.

"నువ్వు కండ్లు మూసుకోవాలె అవ్వా. లేకుంటె మిషన్ నీ కండ్లను పట్టుకుంటది," అంది మంజుల. సుక్కమ్మ చేదు మందు మింగినట్టు గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఆవు ఏది?" అని ట్యాబ్ అడిగింది. దివాకర్ ల్యాప్‌టాప్‌లో పిల్ల చూపు ఆకుపచ్చ చుక్కై కనబడుతోంది. అది అటూ ఇటూ తిరిగి ఆవు మీద ఆగింది. "చెప్పు ఏది?" చెప్పు మీద ఆగింది. తర్వాతవీ అంతే, ఒకటి రెండు తప్ప. పరీక్ష మధ్యలో మేం ఏమీ అనకూడదు. మంజుల నా మణికట్టును నొప్పి పుట్టేలా పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచను.

చివర, ఆ పొద్దున మేమే తీసి ట్యాబ్‌లో పెట్టుకున్న ఇంటివాళ్ళ ఫొటో వస్తుంది. ఒక పక్క సుక్కమ్మ, ఇంకో పక్క ఎవరో ముసలామె.

"అవ్వ ఏది?"

చుక్క మాయమైంది. కళ్ళు దొరకడం లేదని ల్యాప్‌టాప్ కీచుకీచుమంది.

"నేను తెరువలే బిడ్డా, ఒట్టు. గదెందుకు మొత్తుకుంటున్నది?" అంది సుక్కమ్మ, కళ్ళు ఇంకా గట్టిగా బిగించి.

సాయిశ్రీ ట్యాబ్‌ను వదిలేసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, తలెత్తి ఆమె ముఖంలోకి చూస్తోంది.

"ఇగ తెరువు అవ్వా," అంది మంజుల. "నిన్నే చూస్తున్నది."