బంటింగ్ అత్తకు అందని ఉత్తరాలు

మా మేనత్త మలేషియాలో బంటింగ్ అనే ఊళ్లో ఉంటుంది. ఆమె స్నేహితురాలు దూరాన తెలుక్ ఇంటాన్ ఊళ్లో. ఇద్దరూ ఒకే రబ్బరు తోటలో పుట్టి, ఒకే చర్చిలో పాటలు పాడుతూ పెరిగారు. స్నేహితురాలికి చెవులు బాగా మందగించాయి, ఫోన్లో మాట్లాడడం కుదరదు. అందుకే ఏళ్లుగా ఈమెయిళ్లలోనే కబుర్లు. ఇద్దరికీ తెలుగు లిపి రాదు. ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు.

కిందటేడు అత్తకు మోకాళ్లు పట్టేసి మేడ ఎక్కడం కష్టమైంది. కూతురు ఫోన్ కొనిచ్చి అందులోనే మెయిల్ వచ్చేలా పెట్టింది. మేడ మీది కంప్యూటర్ మావయ్యదైపోయింది. చర్చి పాటలు టైపు చేస్తూ రోజంతా అక్కడే ఉండేవాడు.

అప్పటినుంచే స్నేహితురాలి ఉత్తరాలు ఆగిపోయాయి. అత్త మూడుసార్లు రాసింది. జవాబు రాలేదు. ఆపైన పౌరుషమొచ్చి మానేసింది.

నేను పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోదాములో కంప్యూటర్లు చూసుకుంటాను. ఒక ఆదివారం అత్త ఇంటికి భోజనానికి వెళ్తే, కూర వడ్డిస్తూ నా మొహం చూడకుండా అంది:

“దానికి నేనేటి సేసినాను? ఒక్క ముక్క రాయనేదు.”

ఒకసారి మాత్రం ఫోన్లో స్నేహితురాలి పేరు కనబడిందని, కళ్లజోడు తెచ్చుకునేలోగా మాయమైందని, తన చూపే పాడైందనుకున్నానని చెప్పింది.

ఆ మాటతో నాకు అనుమానమొచ్చింది. చేయి కడుక్కుని మేడ మీదికి వెళ్లాను. తెర మీద మావయ్య పాటల ఫైలు వెనకాల అత్త పాత మెయిల్ ప్రోగ్రాం తెరిచే ఉంది. అందులో ఆ స్నేహితురాలివే చదవని ఉత్తరాలు పదకొండు.

ఆ ప్రోగ్రాం పాప్ అనే పాత పద్ధతిలో నడుస్తోంది. సర్వర్ దగ్గరికి వెళ్లి, వచ్చిన ఉత్తరాలన్నీ తన దగ్గరికి దించుకుని, అక్కడ చెరిపేస్తుంది. ఫోన్‌ది ఐమ్యాప్ పద్ధతి. సర్వర్లో ఏముంటే అదే చూపిస్తుంది. అక్కడ ఏమీ మిగలకపోతే ఫోన్ మాత్రం ఏం చూపిస్తుంది? మావయ్య తెల్లబోయాడు. మూలన కనబడే కవరు బొమ్మ ఏదో ప్రకటన అనుకున్నాడట.

ఫోన్లోకి పంపిస్తానన్నా అత్త ఆగలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. మొదటి ఉత్తరాల్లో మనవల అల్లరి, పెరట్లో వంకాయలు. తర్వాత, “రాసినాను గదే, మళ్లీ అడుగుతావేటి?” అని. చివరిది చిన్నది, ఇక్కడ మేమంతా మాట చివర తగిలించే ‘లా’తో సహా.

“నామీద కోపమొచ్చినాదా? వచ్చినా పర్లేదు లా. బాగున్నావని ఒక్క ముక్క రాయి.”

అత్త కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“మీరిక్కడ దేవుడి పాటలు కొట్టుకుంటన్నారు. అదక్కడ ఏడుస్తన్నాది,” అంది మావయ్యతో.

నేను కంప్యూటర్‌ని కూడా ఐమ్యాప్‌కి మార్చి, ఆ పదకొండింటినీ తిరిగి సర్వర్లోకి ఎక్కించాను. అత్త జవాబు మొదలుపెట్టి, నాలుగు వాక్యాలు రాసి చెరిపేసింది. రాస్తే తీరేది కాదు, తానే వెళ్తానంది.

ఆ శనివారం ముగ్గురం కార్లో తెలుక్ ఇంటాన్ వెళ్లాం. దారిపొడవునా మావయ్య ఒళ్లో మురుకుల డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు కొడితే ఆమెకు వినబడలేదు. అత్త కిటికీ దగ్గర నిలబడి చేతులూపింది. ఆమె బయటికొచ్చి, అత్త రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

జరిగిందంతా నేను కాగితం మీద పెద్ద ఇంగ్లిషు అక్షరాలతో రాసి చూపించాను. ఆమె చదివి, మావయ్య వైపు చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. భోజనాల దగ్గర ఆయనకే ముందు వడ్డించింది.