నక్కను నొక్కిన మాస్టారు

2006. రామచంద్రపురంలో నేను నెట్ సెంటర్‌ని ఎలాగోలా నెట్టుకొస్తున్న రోజులు. అప్పట్లో ఇంటర్నెట్ అంటే తెర మీది నీలం రంగు ఇంగ్లీషు ‘ఇ’ బొమ్మే. దాన్ని బ్రౌజర్ అంటారనీ, వెబ్ పేజీలు చూపించే అలాంటి కిటికీలు ఇంకా ఉన్నాయనీ చెబితే జనం నావైపు జాలిగా చూసేవారు. నేను ఫైర్‌ఫాక్స్ మీద మోజుపడి అన్ని కంప్యూటర్లలోనూ పెట్టేశాను. భూగోళాన్ని తోకతో చుట్టేసిన నక్క బొమ్మ దానిది. ఒక్కరూ దాని జోలికి పోయేవారు కాదు.

ఒక ఉదయం దానియేలు మాస్టారు, భార్య రూతమ్మ గారి చెయ్యి పట్టుకుని వచ్చారు. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పింది ఆయనే. నా మార్కుల్లో ఆయన తప్పేమీ లేదు. రిటైరయ్యాక చూపు బాగా తగ్గింది. అక్షరాలు బాగా పెద్దవైతేనే కంటికి ఆనుతాయి. ఆయన చెబుతుంటే రూతమ్మ గారు రాసి పంపిన కథ ఒక వెబ్ పత్రికలో వచ్చింది. మాస్టారి మొదటి కథ.

“నేను చదివి వినిపిస్తానంటే వద్దంటున్నారు నాయనా,” అన్నారావిడ.

“నువ్వు ఉన్నది చదువుతావో, ఉండాల్సింది చదువుతావో నాకెలా తెలుస్తుందే? ఒరేయ్ శ్రీనివాసూ, నా కథ నా కళ్ళతో చదువుకోవాల్రా. అవుతుందా?”

‘ఇ’లో తెరిచాను. తెలుగు ముత్యాల్లా వచ్చింది, కానీ ఆవగింజంత ముత్యాలు. టెక్స్ట్ సైజు ‘లార్జెస్ట్’ అని పెట్టినా కదల్లేదు. పేజీ తయారుచేసినవాళ్ళు అక్షరాల సైజు బిగించేశారు. ఆ బిగింపు వదులు చెయ్యడం ‘ఇ’కి రాదు.

“చీమలబారు,” అన్నారు మాస్టారు, ముక్కు తెరకి ఆనించి.

ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కాను. అక్షరాలు బూరెల్లా పొంగాయి. తీరా చూస్తే అందులో తెలుగన్నదే లేదు! ఇంగ్లీషు అక్షరాలూ, కొమ్ములూ, చుక్కలూ కలగాపులగం.

“ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోందిరా,” అన్నారు మాస్టారు, “నాకేమీ అర్థం కావడం లేదని.”

ఆ పత్రికకి సొంత ఫాంటు ఉంది. ‘ఇ’లో అది దానంతటదే దిగుతుంది, నక్క దగ్గరికి రాదు. ఒక దాంట్లో తెలుగుంది, కనపడదు. రెండో దాంట్లో కనపడుతుంది, తెలుగు కాదు.

“ఈ బ్రౌజర్లన్నీ రెడీమేడ్ బట్టల్లాంటివి, మాస్టారూ. మన కొలతకి ఆల్టర్ చెయ్యాలి.”

“బ్రౌజరంటే బ్లౌజులాంటిదేనన్నమాట,” అన్నారు రూతమ్మ గారు.

బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల్ని ఎక్స్‌టెన్షన్లు అంటారు. ఇలాంటి సొంత ఫాంట్లని అందరికీ పనికొచ్చే యూనికోడ్ తెలుగులోకి మార్చే ఎక్స్‌టెన్షన్ ఒకటుందని ఎక్కడో చదివాను. వెతికి దించాను. సీడీ పెట్టి విండోస్‌కి తెలుగు నేర్పాను. ఆప్షన్స్‌లో అక్షరాల కనీస సైజు పెంచాను. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు పెట్టి, అక్కర్లేని టూల్‌బార్లన్నీ పీకేసి స్థలమంతా కథకే ఇచ్చాను. నక్కని నొక్కగానే ఆ కథే తెరుచుకునేలా పెట్టాను.

“ఇక మీరే తెరవండి మాస్టారూ,” అని మౌస్ ఆయన చేతికిచ్చి, బాణాన్ని నక్క మీదికి నడిపించాను. నొక్కారు. తెరనిండా తెలుగు! ఒక్కో అక్షరం గారెంత! నేను వేసిన కేకకి పక్క కుర్రాళ్ళు చాటింగులు వదిలేసి వచ్చారు.

“నక్క తోక తొక్కొచ్చారండీ మాస్టారు!” అన్నాడొకడు.

“తొక్కలేదయ్యా, నొక్కారు,” అన్నాను.

మాస్టారు తెర మీద వేలు జరుపుకుంటూ పైకి చదవసాగారు. గోదావరి మీద జనాన్ని అవతలొడ్డుకి దాటించే పంటు నడిపే సరంగు కథ. వంతెన కట్టాక అతనికి పని పోతుంది. చివరి వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది.

“రూతమ్మా, నా సరంగు గట్టు మీద కూర్చుని ఏడవాలి కదే? వీడేంటి, వంతెన మీద నడిచెళ్ళి అవతలొడ్డున టీ తాగుతున్నాడు?”

“ఎంతసేపని ఏడుస్తాడండీ పాపం? నేనే టీ ఇప్పించాను.”

అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నారు.

“బాగోలేదా?” అన్నారావిడ మెల్లగా.

“బాగుంది. అందుకే కోపం. పైన నా పేరొక్కటే ఉంది.” నావైపు తిరిగారు. “ఇన్ని మార్చావు కదరా, ఆ పేరు పక్కన ఇంకో పేరు పెట్టలేవూ?”

“అది ఎడిటర్ గారు చెయ్యాలండీ.”

“అయితే ఆయనకి మెయిల్ కొట్టు. నేను చెబుతాను.”

ఆ మెయిల్ కొట్టింది నేనే. ఒక్క మాటా మార్చలేదు.

ఏ బ్రౌజర్ మంచిదండీ అని అడిగిన వాళ్ళకి అంతకుముందు నక్క గొప్పలన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. మాస్టారు వచ్చి వెళ్ళాక నా నోట ముందు వచ్చే మాట ఒకటే: “చదివేది ఎవరండీ?”